అవ్వ నీళ్లు మలిపిన తోట

పోయిన చలికాలం మా మనవరాలు నన్ను బేగం బాగు అనే పాత తోట చూపిస్తానని కారులో తీసుకుపోయింది. సుల్తానాబాదు దాటి మానేరు దిక్కు మళ్లే తోవలో, వరిమళ్ల నడుమ, ఆ తోట గోడ దూరం నుంచే కనబడింది. కొత్తగా సున్నం వేశారు. గేటు పక్కన నల్లరాతి ఫలకం పెట్టారు. ఈ పురాతన ఉద్యానవనాన్ని దాతల సహాయనిధితో పూర్వరూపంలో పునరుద్ధరించామని దాని మీద చెక్కించారు. నేను ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతుంటే మనవరాలు ఓపికగా నిలబడింది. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటినాక. ఒత్తులు ఎక్కువున్న మాట దగ్గర ఇప్పటికీ ఆగి ఊపిరి తీసుకుంటాను. 'పూర్వరూపం' దగ్గర ఆగింది మాత్రం ఒత్తుల కోసం కాదు.

లోపల అంతా శుభ్రంగా ఉంది. నడుమ బేగం సమాధి, దాని నాలుగు దిక్కులా రాతి కాలువలు, కాలువల మధ్య గులాబీలు, దానిమ్మలు. చెట్ల మొదళ్ల దగ్గర నల్లటి సన్న గొట్టాలు పరిచారు. నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి, చప్పుడు లేదు. తోట చూపించడానికి వచ్చిన ఆడపిల్ల ఎంతో ఉత్సాహంగా చెప్పింది, ధర్మసంస్థలు ఇచ్చే సాయం లేకపోతే ఇలాంటి తోటలు ఎప్పుడో ప్లాట్లు అయిపోయేవని. నిజమే. ఆ సాయం ఎంత గొప్పదో నాకంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఈ చుట్టుపక్కల ఎవరూ మిగల్లేదు. ఈ తోట చచ్చి బతకడం ఇది మొదటిసారి కాదు. మొదటిసారి బతికినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను, ఆ గేటు పక్కన గదిలో, నన్ను కన్న మా అవ్వతో.

మా బాపు రాజయ్య ఆ తోటలో మోట తోలేవాడు. మోట అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. బావి ఒడ్డున రెండు రాతి కంబాలు, వాటి నడుమ గిరక. పెద్ద తోలు బొక్కెన, దాని కింద ఏనుగు తొండం లాంటి తోలు గొట్టం. ఎడ్లు పల్లపు బాటలో కిందికి నడిస్తే బొక్కెన పైకొచ్చి తొట్టిలో నీళ్లు కుమ్మరిస్తుంది. ఎడ్లు వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ ఎక్కితే బొక్కెన మళ్లీ బావిలోకి దిగుతుంది. పొద్దుగూకి ఇంటికొచ్చాక బాపు ఆ తోలుకు ఆముదం రాసేవాడు. తడి తోలు, ఆముదం, బీడీ పొగ కలిసిన ఆ వాసనే మా ఇంటి వాసన. మేము జొన్న గట్క తిన్నా, పచ్చిపులుసు పోసుకున్నా అందులో కొంచెం ఆ వాసన ఉండేది. మా అవ్వ పోశవ్వ ముక్కు మూసుకుని, "నిన్ను పెండ్లి చేసుకున్ననా, మోటను చేసుకున్ననా?" అనేది. బాపు నవ్వి, "మోట కన్న నేనే నయం, నాకు తొండం లేదు" అనేవాడు.

బావి పడమటి మూలన. గులాబీ మళ్లు తూర్పున, సమాధి వెనుక. అవ్వ అక్కడ పార పట్టుకుని నీళ్లు మలిపేది. ఒక మడి నిండగానే నీళ్లు పోయే దాని మడవ మట్టితో మూసి, పక్క మడి మడవ తెరవాలి. వాళ్లిద్దరికీ ఒకరికొకరు కనబడరు. అందుకే పాట. బాపు మోట తోలుతూ పాడేవాడు. గంగమ్మను పాతాళం నుంచి రమ్మని పిలిచే చరణం అయిపోయే వేళకు గులాబీ మడి నిండేది. అత్తగారింటికి పోయే పిల్ల చరణం అయ్యేసరికి చమేలి మడి నిండేది. చరణం ముగియగానే అవ్వ పార వేసేది. చరణం నడుమ మడవ తిప్పకూడదు. తిప్పితే మోటతాడు తెగుతుందని, తోలేవాడికి కీడని మా దిక్కు అందరి నమ్మకం. నీళ్లు పొర్లిపోతున్నా సరే, చరణం అయ్యేదాకా ఆడమనిషి పార ఎత్తి అట్లాగే నిలబడేది.

బాపు ఒక్కోసారి అల్లరికి చరణం సాగదీసేవాడు. గంగమ్మ పేరు వదిలి, "మడికాడ మా దొరసాని కునుకు తీసిందో, కుండెడు గట్క తిని కూలబడ్డదో" అని కట్టేవాడు. నీళ్లు అవ్వ మోకాళ్ల దాకా వచ్చేవి. "నీ నోట్ల మన్నువడ! ఆపుతవా లేదా?" అని అవ్వ గోడలు అదిరేట్టు అరిచేది. అవతల నుంచి నవ్వు వినబడేది. అవ్వ అటు తిరిగి, నాకు కనబడకుండా తనూ నవ్వుకునేది.

పోలీసు చర్య అయింది, జాగీర్లు పోయాయి. తోట ఎవరిదో ఎవరికీ తెలియని కాలం వచ్చింది. ఎడ్లను ఎవరో తోలుకుపోయారు. ఆ వానాకాలమే బాపుకు చలిజ్వరం పట్టుకుంది. జ్వరంలో కూడా ఎడ్లను అదిలిస్తూ చెయ్యి ఊపేవాడు. పోయాడు. తోట ఎండింది. కాలువల్లో పల్లేరు మొలిచింది. మమ్మల్ని ఎవరూ వెళ్లిపొమ్మనలేదు కాబట్టి గేటు గదిలోనే ఉన్నాం. అవ్వ నాట్లకు, కలుపుకు కూలికి పోయేది. ఆ కొన్నేండ్లు అవ్వ నోట మాట తక్కువ, నవ్వు అసలే లేదు.

తోట పనులన్నీ చూసిన పాత దారోగా రహీం సాబ్ మాత్రం రోజూ వచ్చేవాడు. జీతం లేకపోయినా శేర్వానీ గుండీలన్నీ పెట్టుకుని వచ్చేవాడు. రాలిన పువ్వు కనబడితే తొక్కకుండా వంగి తీసి, ఊది, సమాధి మీద పెట్టేవాడు. ఒకరోజు ఆయన పరుగు లాంటి నడకతో వచ్చి, "పోశవ్వా, అల్లా దయ! పట్నంల పెద్దమనుషులు కొందరు కూడి ధర్మనిధి పెట్టుకున్నరంట. పాత కట్టడాలకు, పాత తోటలకు సాయం చేస్తరంట. మన బాగుకు ఇస్తమన్నరు" అన్నాడు. ఆయన కండ్లలో నీళ్లు తిరిగాయి. మా అవ్వ అడిగింది ఒకటే. "నాకు మళ్ల పార ఇస్తరా సాబ్?"

ఇచ్చారు. ఆ సాయంతో బావి పూడిక తీశారు, గోడ పడ్డచోట కట్టారు, కొత్త గులాబీ అంట్లు పెట్టారు. ఎడ్ల బదులు బావి మీద ఆయిలింజన్ బిగించారు. ఎడ్లు నడిచే పల్లపు బాటను చదును చేసి గడ్డి విత్తనం చల్లారు. సాయం ఒక్కసారిగా ఇయ్యరని, తోట తేరుకుందో లేదో వాళ్లు వచ్చి చూసుకుని మిగతాది ఇస్తారని రహీం సాబ్ చెప్పాడు. "తోట మంచిగ గనవడాలె. లేకుంటే బాగు లేదు, నేను లేను, నీకు ఉండే ఆ గేటు అర్ర లేదు" అన్నాడు.

ఇంజన్ మొదలుపెట్టిన రోజు నేను అవ్వ పక్కనే ఉన్నాను. డుగుడుగుమని చప్పుడు తోటంతా నిండింది. నీళ్లు మోట నీళ్లలా ఆగి ఆగి రాలేదు, వరదలా వచ్చాయి. గులాబీ మడి చూస్తుండగానే నిండింది. ఒడ్డు మీద నుంచి పొర్లింది. అవ్వ పార ఎత్తి పట్టుకుని, తల కొంచెం వంచి, కదలకుండా నిలబడింది.

"అవ్వా, మడి పొర్లుతుంది. మలుపు."

"ఆగే. ఇంక అయిపోలే."

"ఏం అయిపోలే?"

"గంగమ్మ చరణం. నీకు ఇనవడ్తలేదా? మీ బాపుది."

మిట్టమధ్యాహ్నం. ఎండకు మా నీడలు కాళ్ల కిందికి ముడుచుకున్నాయి. నేను చెవులు రిక్కించాను. ఇంజన్ తప్ప ఏమీ వినబడలేదు. అవ్వ పెదవులు కదలడం లేదు, తనలో తాను పాడుకోవడం లేదు. ఎక్కడో దూరంగా పిలుస్తున్న మనిషి మాట అందుకునేందుకు నిలబడినట్టు నిలబడింది. కాసేపటికి తల ఊపి, పార వేసి నీళ్లు మలిపింది. రెండో మడి దగ్గర ఉన్నట్టుండి ఆమె మొహం విచ్చుకుంది. సమాధి అవతలికి తిరిగి, "నీ నోట్ల మన్నువడ!" అంది. అన్ని ఏండ్ల తర్వాత మా అవ్వ నవ్వు చూడడం అదే. 

రోజూ అదే. మోట నడక పాటకు ఇంజన్ నీళ్లు. గులాబీల వేళ్లు కుళ్లడం మొదలైంది. ఆకులు పసుపు పచ్చగా మారి రాలాయి. మడి దగ్గర బురద కంపు. ఇంజన్ కిరసనాయిలు కంపు సరేసరి. కానీ కొన్నిసార్లు, గాలి పడమర నుంచి తిరిగినప్పుడు, ఆ రెండు కంపులనూ చీల్చుకుని ఆముదం రాసిన తడి తోలు వాసన వచ్చేది. తోటలో అప్పటికి తోలు ముక్క కూడా లేదు. చల్లిన గడ్డి విత్తనం అంతటా మొలిచింది, బావి దగ్గర రెండు చారల మీద తప్ప. ఎడ్ల జత పక్కపక్కన నడిస్తే పడే చారలు అవి. రహీం సాబ్ రెండుసార్లు మళ్లీ చల్లించాడు. తర్వాత ఆ దిక్కు పోవడం మానేశాడు.

ఆయన అవ్వను బతిమాలాడు. "పోశవ్వా, ఇంజన్ నీళ్లు, మోట నీళ్లు ఒక్కటి గాదమ్మా. జర జల్ది మలుపు. పూలచెట్లు సస్తున్నయి."

"నాకు కండ్లు లేవా సాబ్? గనవడ్తనే ఉన్నది. చరణం నడుమ మడవ ఎట్ల తిప్పుదు? ఆయనకు కీడు గాదా?"

"ఆయనకు ఇంక కీడేందమ్మా?" అని రహీం సాబ్ అనేసి, నాలుక కరుచుకున్నాడు. అవ్వ ఆయన వంక జాలిగా చూసింది, చిన్నపిల్లవాడు తెలియక ఏదో అన్నట్టు.

నేను ఇంట్లో గట్క కలుపుతూ ఆలోచించేదాన్ని. అవ్వకు పని పోతుంది. గది పోతుంది. అంతకన్నా నాకు భయం వేరే. బాపు పిలిస్తే అవ్వ ఒకరోజు పార కింద పెట్టి ఆ బావి దిక్కు నడిచిపోతుందేమోనని. అందుకే కూలికి పోవడం మాని రోజంతా ఆమె కొంగు పట్టుకున్నట్టే తిరిగాను. అప్పటికి నేను ఓణీ వేసుకునే వయసుదాన్ని. "ఏందే, పాలు మరువని పిల్లోలె ఎంబడి ఎంబడి తిరుగుతున్నవ్?" అని అవ్వ కసిరేది.

ధర్మనిధి వాళ్లు వచ్చారు. వాళ్లలో ఒక ముసలి బేగం సాబ్ ఉంది. చిన్నప్పుడు ఎండాకాలాలు ఈ తోటలోనే గడిపిందట. ఆమెకు చెవులు దాదాపు వినబడవు. పక్కనున్న మనిషి చెవిలో నోరు పెట్టి అరిస్తే సగం అందేది. ఆమె కర్ర ఊతంతో నడుస్తూ కాలువలు చూసింది, గోడ చూసింది, సంతోషపడింది. సమాధి వెనక్కి వచ్చి గులాబీ మడి చూసి ఆగిపోయింది. సగం చెట్లు మోడులై ఉన్నాయి. పక్కనే పారతో మా అవ్వ.

"రహీం, గివిటికేమైంది?" అంది. తెలుగు మా లెక్కనే మాట్లాడేది, చిన్నప్పుడు ఇక్కడి దాదుల దగ్గర నేర్చుకున్నది.

రహీం సాబ్ నుదురు తుడుచుకుని ఆమె చెవి దగ్గరికి వంగాడు. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"ఉండు. జర నోరు మూసుకో. మోటాయన పాడుతున్నడు."

అందరం బిగుసుకుపోయాం. ఇంజన్ డుగుడుగుమంటూ కొట్టుకుంటోంది. ఆమెకు అది వినబడుతున్న జాడే లేదు. కర్ర మీద రెండు చేతులూ ఆనించి, కండ్లు సగం మూసి, తల కొంచెం వంచింది. మా అవ్వ వంచినట్టే. ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు పట్టుచీరలో, ఒకరు మోకాళ్ల దాకా బురదలో, ఒకే దిక్కు చెవి పెట్టి నిలబడ్డారు. మా చుట్టూ ఉన్న దానిమ్మ చెట్లలో ఒక్క పిట్ట పలకలేదు.

"ఇగ మలుపు" అంది బేగం సాబ్. ఆ మాటా, మా అవ్వ పార దెబ్బా ఒక్కసారే పడ్డాయి.

ఆమె నవ్వింది. "గదే పాట. ఏం మారలే. ఎవరమ్మా గాయన?"

"మా ఇంటాయన" అంది అవ్వ.

"పిలువు. ఇనాం ఇస్త."

 రహీం సాబ్ ఆమె చెవిలో చెప్పాడు. ఒకసారి చెబితే అందలేదు, రెండోసారి గట్టిగా అరవాల్సి వచ్చింది. "రాజయ్య గుజర్ గయా, బేగం సాబ్! సచ్చిపోయి ఏండ్లయింది!" ఆ కేక గోడకు తగిలి మళ్లీ మా మీదికే వచ్చింది.

ఆమె మొహంలో నెత్తురు లేదు.  తల మీది కొంగు సరిచేసుకుని, "ఇంజన్ తీసెయ్యి. ఎడ్లను తేండ్రి, మోట పెట్టుండ్రి. పాత తీరుగ నడిపిస్తెనే మిగిలిన సాయం" అంది. వండించిన బిర్యానీ ముట్టకుండానే బండెక్కింది. ఆ సాయంత్రం రహీం సాబ్ మా గది ముందు కూర్చుని, ఎవరూ అడగకపోయినా, "నేనైతే ఏం ఇనలే" అని ఒకటికి రెండుసార్లు అన్నాడు.

మోట మళ్లీ వచ్చింది. తోలడానికి బాసర దిక్కు నుంచి విఠోబా అనే మనిషి వచ్చాడు. మాటలో సగం మరాఠీ. మంచివాడు. "వదినె, నా పాట నీకు సమజ్ కాకున్నా, ఆగినకాడ మలుపు, బస్" అన్నాడు. అతని పాట వేరు, ఆగే చోటు వేరు. చచ్చినవాటి బదులు పెట్టిన కొత్త అంట్లు కూడా మునిగి చస్తే అవ్వ పనిని తాను కాపాడలేనని రహీం సాబ్ ముందే చెప్పాడు.

మొదటిరోజు పని మొదలైంది. విఠోబా గొంతు బావి దిక్కు నుంచి వచ్చింది. ఇన్నాళ్ల తర్వాత నాకూ వినబడే పాట. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. అవ్వ వంక చూశాను. ఆమె మొహం నలిగిపోతోంది. పార ఎత్తుతుంది, దించుతుంది, మళ్లీ ఎత్తుతుంది.

"ఏమైందే?"

"ఇద్దరు పాడుతున్నరు" అంది.

విఠోబా చరణం ఆగింది. అవ్వ కదలలేదు. నీళ్లు ఒడ్డుకు సమానంగా వచ్చాయి. కొత్త అంట్ల చిగుళ్లు మునుగుతున్నాయి. ఇప్పుడు మలిపితే బాపు చరణం నడుమ తెగుతుంది. మలపకపోతే మడి పోతుంది. నేను పార లాక్కోబోయాను. ఆమె వదల్లేదు. ఆమె చేతులు చల్లగా ఉన్నాయి. అప్పుడు నా మొహం చూసింది. ఏం చూసిందో గానీ గొంతు మెత్తబడింది.

"పో బిడ్డా. బాయి కాడికి పో. మీ బాపుకు చెప్పు. అవ్వ సాలన్నది, ఎడ్లను ఇడువుమన్నదని చెప్పు."

"నేనా?"

"నేను పోతే మళ్ల రాను. నువ్వు పో."

నేను సమాధి పక్కనుంచి, దానిమ్మల నడుమ నుంచి నడిచాను. ఎండ తెల్లగా ఉంది.  విఠోబా తాడు మీద కూర్చుని ఎడ్లను పల్లానికి దించుతున్నాడు. బాటలో ఆ ఎడ్ల గిట్టలు గడ్డి మొలవని ఆ రెండు చారల మీదే పడుతున్నాయి. నేను బావి ఒడ్డున నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా, నీళ్ల మీదికి వంగి చెప్పాను. "బాపూ, అవ్వ సాలన్నది. ఎడ్లను ఇడువుమన్నది."

ఎడ్లు ఆగిపోయాయి. బాట సగంలో, నిండు బొక్కెన గాలిలో వేలాడుతుండగా ఆగిపోయాయి. విఠోబా అదిలించాడు, తోక మెలిపెట్టాడు. "అరె, కాయ్ ఝాలా, ఏమైంది? నడువుండ్రి!" అన్నాడు. అవి కదలలేదు. మెడ మీద కాడి ఉండగానే, కాడి దించేసినప్పుడు విదిలించినట్టు రెండూ ఒక్కసారి మెడలు విదిలించుకున్నాయి. ఒకటి పెద్దగా ఊపిరి వదిలింది. విఠోబా తాడు మీంచి దిగి నా వంక చూశాడు. "పోరీ, ఎవలతోని మాట్లాడినవ్?"  కొద్దిసేపటికి ఎడ్లు వాటంతట అవే నడక మొదలుపెట్టాయి.

నేను తిరిగి వచ్చేసరికి గులాబీ మడవ మూసి ఉంది. నీళ్లు పక్క మడిలోకి పారుతున్నాయి. అవ్వ ఒడ్డు మీద కూర్చుని ఉంది.

"చెప్పినవా?"

"చెప్పిన."

"ఏమన్నడు?"

"ఏమనలే. ఎడ్లను ఇడిసిండు."

అవ్వ తల ఊపింది. విఠోబా చరణం ఆగిన చోట లేచి పార వేసింది. ఆ తర్వాత ఒక్క మడి కూడా పొర్లలేదు. మరుసటి చలికాలానికి గులాబీలు పూశాయి. ధర్మనిధి సాయం మళ్లీ వచ్చింది, ఆ మీదట కూడా కొన్నాళ్లు వచ్చింది. నాకు ఆ తోటలోంచే పెండ్లి చేసింది మా అవ్వ.

ఇప్పుడు సన్న గొట్టాలలో నీళ్లు ఎవరూ మలపకుండానే ఏ చెట్టుకు ఎంతో అంత పోతున్నాయి. ఒక్క చిగురూ మునగదు. నీళ్లు దండిగా మిగులుతాయి, చెట్లు దిట్టంగా ఉన్నాయి. ఆడమనిషి మోకాళ్ల దాకా బురదలో నిలబడే పని లేదు, అదొక్కటి చాలు ఆ దాతలకు దండం పెట్టడానికి. అప్పటి తోటకు అన్నిటికీ మనిషి గొంతు కావాల్సి వచ్చేది, ఆ గొంతు పోతే తోట పోయేది. ఏది మేలో తూకం వేసి చెప్పే శక్తి నాకు లేదు. తోట మిగలడమే మేలు అని నాకు నేను చెప్పుకుంటాను.

అవ్వ ముసలిదయ్యాక, నా దగ్గర ఉన్నప్పుడు, ఒకరోజు పొయ్యి ముందు కూర్చుని ఉంటే అడిగాను. బాపు పాట మళ్లీ ఎప్పుడన్నా వినబడిందా అని. అన్నం ఉడుకుతోంది, ఆమె గరిటెతో ఒక మెతుకు తీసి నలిపి చూసింది.

"ఇంకా ఎందుకు పాడుతడే" అంది. "సాలన్నది నేనే గద."